ఎల్.డిస్. చేసిన కాగితం
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కార్యదర్శిగారు నన్ను "ముందస్తు హెచ్చరికలు" గురించి మాట్లాడమన్నారు. బి.పి., షుగరు సంగతి డాక్టరుగారికి వదిలేసి, నేను గ్యాస్ టర్బైను సంగతి చెబుతాను.

మన బెజవాడ పక్కన కొండపల్లిలో 2000లో 368 మెగావాట్ల గ్యాస్ కరెంటు కేంద్రం మొదలైంది. తరువాత గ్యాసు చాలక చాలాకాలం మూలపడింది, అది వేరే కథ. ఇటువంటి కేంద్రాల్లో గ్యాసు మండించే ముందు గాలిని బాగా కుదించాలి. ఆ పని యాక్సియల్ కంప్రెసరుది. ఒకే ఇరుసు మీద వరుసలు వరుసలుగా రెక్కలుంటాయి. మన డెల్టాలో కాలవ నీళ్లను మెరక చేలకు అంచెలంచెలుగా గూడ వేసి ఎక్కించేవారు చూడండి, అలాగన్నమాట. ఎక్కించిన గాలి ఎప్పుడూ వెనక్కి జారాలనే చూస్తుంది.

గాలి తగిన కోణంలో తగలకపోతే రెక్కను అంటుకొని సాగదు, విడిపోతుంది. అదే స్టాల్. అక్కడ దారి మూసుకుపోయి గాలి పక్క రెక్క మీద పడుతుంది. బిల్లుల కౌంటరు ఒకటి మూస్తే జనం పక్క కౌంటరు మీద పడరూ! ఆ జబ్బు అలా పాకుతూ, ఇరుసు వేగంలో ఇంచుమించు సగం వేగంతో చుట్టూ తిరుగుతుంది. ముదిరితే గాలంతా ఫిరంగి మోతతో వెనక్కి తన్నుతుంది. రెక్కలు విరగవచ్చు.

కేంబ్రిడ్జిలో ఐవర్ డే మొదలైనవారు 1990లలో దీని తొలి గుర్తులను పరిశీలించారు. ఒక్కోసారి మెల్లగా పెరిగే అల, ఒక్కోసారి ముల్లులాంటి పోటు. రెండోది కనిపించాక కొద్ది చుట్లే వ్యవధి. నిమిషానికి 3000 చుట్లు తిరిగే యంత్రానికి అయిదు చుట్లంటే సెకనులో పదోవంతు. మనిషి చెయ్యి మీట దాకా కూడా పోదు. కాని వారాల ముందే కనబడేవీ ఉన్నాయి. రెక్కలకు దుమ్ము, మసి పట్టడం, ఒత్తిడి తగ్గడం, స్టార్టు చేసేటప్పుడు కొత్త హోరు.

ఇక అసలు సంగతి. నేను సెక్షనులో ఉండగా ఒక కేంద్రం నుంచి (కొండపల్లి కాదు, పేరు అనవసరం) ఒక ఆపరేటరుగారి చేతిరాత కాగితం వచ్చింది. శబ్దం మారింది, ఒత్తిడి తగ్గుతోంది, యంత్రం ఆపి రెక్కలు కడగాలి అని. నమూనా ప్రకారం లేదు, రిఫరెన్సు నంబరు లేదు. నేను ఎల్.డిస్. అని రాసి కట్టలో పెట్టేశాను.

పంతొమ్మిదో రోజున యంత్రం పెద్ద మోతతో ఆగిపోయింది. అదృష్టవశాత్తూ ఎవరికీ దెబ్బ తగలలేదు. "ముందుగా ఎందుకు తెలియజేయలేదు?" అని ఆ ఆపరేటరుకే మెమో ఇచ్చారు. దాన్ని టైపు చేసింది నేనే.

మూడు రోజులు తటపటాయించాను. అప్పటికి పెద్దమ్మాయి పెళ్లి కుదిరింది. నాలుగోనాడు కాగితం వెదికి తీసి ఆఫీసరుగారి బల్ల మీద పెట్టాను. ఆయన మెమో రద్దయింది, నాకు ఇంక్రిమెంటు ఆగింది. ఆ మనిషిని నేనెన్నడూ చూడలేదు. చేతిరాత మాత్రం గుర్తుంది, "శబ్దం" అన్న మాట కింద రెండు గీతలు గీశారు.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. సెలవు.