వరద, భయము, మెదడు



ఆషాఢమున గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చినంతనే ధవళేశ్వరమునందును, దిగువ లంకలయందును పెద్దలు గట్టుమీద నిలిచి నదిని తేఱిపార చూతురు. ఆ నీటినే చూచి పిల్లలు కేరింతలు కొట్టుదురు. నది యొక్కటే. అయినను ఒకరి గుండె దడదడలాడుటకును, మఱియొకరి ముఖము వికసించుటకును కారణమేమి? ఆ పెద్దలు 1986 ఆగస్టును చూచినవారు. ఆ నెల 16వ తేదీన భద్రాచలమున నీటిమట్టము 75.6 అడుగులకు ఎక్కినది. ధవళేశ్వరమున సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద పాఱినది. ఏటిగట్లకు గండ్లు పడి ఊళ్లు మునిగినవి. ఆనాడు మెదడు నేర్చిన పాఠమునే ఎఱ్ఱనీరు ఏటేట జ్ఞప్తికి తెచ్చుచున్నది. భయములో పుట్టుకతో వచ్చునది కొంత. అనుభవము నేర్పునది చాల.

ఈ సంగతిని రుజువుపఱచిన వృత్తాంతమొకటి వరదవలననే లభించినది. రష్యాదేశపు శాస్త్రజ్ఞుడు ఇవాన్ పావ్‌లోవ్ కుక్కలకు గంట మున్నగు గుఱుతులు నేర్పి, ఆ గుఱుతు తెలియగానే, ఆహారము నోట పడకమునుపే వాటి నోట లాలాజలము ఊరునట్లు చేసెను. 1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడ్ నగరమున నేవానది పొంగి, ఆ కుక్కల కొట్టములలోనికి నీరు చొచ్చినది. వాటిని ఈదించి బయటకు తెచ్చి బ్రతికించిరి. కాని పిమ్మట కొన్ని కుక్కలు నేర్చినదంతయు మఱచినట్లు ప్రవర్తించినవి. ఒక కుక్క పెక్కు వారములకు తేఱుకొనగా, పరీక్షకై తలుపుక్రిందుగా సన్నని నీటిధారను గదిలోనికి పోనిచ్చిరి. ఆ ధారను చూచినంతనే అది కలవరపడి, మరల మునుపటి స్థితికి వచ్చినది. ప్రాణముమీదికి వచ్చిన వరదకు ఆ కొద్దిపాటి నీరే గుఱుతైనది.

ఇట్టి పాఠమును నేర్చుటలో ముఖ్యపాత్ర వహించునది మెదడులో ఇరుప్రక్కల, బాదంపప్పు ఆకారమున ఉండు చిన్న భాగము. దీనికి అమిగ్డాలా అని పేరు. కంటికి, చెవికి అందిన వార్త దీనికి రెండు త్రోవల చేరును. ఒకటి అడ్డదారి, వార్త అస్పష్టముగా, కాని త్వరగా చేరును. రెండవది మెదడు పైపొరలమీదుగా పోవు చుట్టుదారి. వార్త ఆలస్యముగా, కాని స్పష్టముగా చేరును. చీకటిలో త్రాటిని చూచి ఎగిరి గంతువేసిన వానికి అది పాము కాదని పిదప తెలియుట ఇందువలననే. ఆ క్షణమునందే మూత్రపిండములపైనున్న గ్రంథులు అడ్రినలిన్‌ను వదలును, గుండె వేగము పెరుగును, కండరములు బిగియును. ప్రాణి పరుగెత్తును, ఎదిరించును, లేదా కొయ్యబాఱి నిలుచును. పామే అయియున్నయెడల ఆ తొందరపాటే ప్రాణము నిలుపును.

నేర్చిన భయము ఒకపట్టున చెఱగిపోదు. గుఱుతు పలుమాఱులు కనబడియు కీడు కలుగనియెడల, నొసటి వెనుకనున్న మెదడు భాగము “ఇప్పుడు ప్రమాదము లేదు” అను క్రొత్త పాఠమును నేర్చి అమిగ్డాలాను అణచును. కాని పాతపాఠము అడుగున ఉండనే ఉండును. ఏండ్లు గడచిన పిమ్మట ఒక్క రాత్రి జోరువానకు అది మేల్కొనవచ్చును.

ఈ క్రొత్తపాఠము మేలుచేయునట్లే కీడును చేయగలదు. ధవళేశ్వరమున నీటిమట్టము 11.75 అడుగులకు చేరిన మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది ఎగురవేయుదురు. మొదటి హెచ్చరికను పెక్కుమాఱులు విని, ఏమియు జరుగకుండుట చూచినవాని మెదడు “ఇది వట్టిమాట” అని నేర్చుకొనును. అట్టివాడు మూడవ హెచ్చరికకును ఇల్లు కదలడు. వరదలో దెబ్బతిన్నవాడు ఎఱ్ఱనీటికే నిద్రమానును. ఒకనికి భయము ఎక్కువ, ఒకనికి తక్కువ. ఇద్దఱును నీటికొలత చూడక, పాత అనుభవమునే చూచుచున్నారు. 2006లోను, 2022లోను గోదావరి మరల పెద్దవరదలు తెచ్చినది. నదికి మనుష్యుని అలవాటుతో పనిలేదు.

కావున కొలబద్దను చదువుట ఇంటింట అలవాటు కావలెను. ఏ అంకెకు పశువులను గట్టెక్కించవలెనో, ఏ అంకెకు నావ కొఱకు ఎదురుచూడక బయలుదేఱవలెనో ఎండకాలముననే నిశ్చయించుకొన్న కుటుంబమునకు, ఆపద్వేళ ఆలోచించు శ్రమ తగ్గును. వరదకు జడిసిన బిడ్డను పిఱికివాడని వెక్కిరించరాదు. బలవంతముగా నీటిలోనికి ఈడ్వరాదు. 1924లోనే అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అను విదుషి, కుందేలును చూచి జడియు బాలునికి ఇష్టమైన తినుబండారము పెట్టుచు, కుందేలును దినదినము కొంచెము దగ్గఱకు తెచ్చి, ఆ భయమును పోగొట్టెను. అట్లే నీరు తగ్గిన దినములలో తల్లి చేయిపట్టుకొని మొదట గట్టువఱకు, పిదప మెట్లవఱకు, అటుపిమ్మట పాదములు తడియువఱకు తీసికొనిపోవలెను. జంకు తగ్గిన పిదప ఈత నేర్పవలెను.

భయము లేనివాడు ధీరుడని లోకము తలచును. భయము ఎచ్చట నిజమో, ఎచ్చట పాతజ్ఞాపకమో తెలిసినవాడు అంతకంటె క్షేమముగా నుండును. ఆ తెలివి అనుభవము ఒక్కదానివలన రాదు; ఇతరుల అనుభవమును చదువుటవలనను వచ్చును. వరదను చూడని పిల్లవాడు 1986 సంగతి తెలిసికొనుటకు మరల అంతటి వరద రానక్కఱలేదు. గ్రామమున గ్రంథాలయమున్న చాలును.