ఓడలు వచ్చిన త్రోవ

ఐరోపీయులు మన తీరమున కేల వచ్చిరి? మతవ్యాప్తియు, కీర్తికాంక్షయు నుండెను గాని, వారిని ముఖ్యముగ నోడ నెక్కించినది మిరియము. దిక్సూచి, నక్షత్రముల యెత్తును గొలుచు సాధనము, త్రికోణపు తెరచాప, ఫిరంగి వారి బలములు. అయినను 1498లో వాస్కోడగామాను మాలిందినుండి కాలికట్టుకు దాటించినవాడు ఈ సముద్రపు ఋతుపవనముల నెరిగిన నావికుడే. మిరియమును వెదకిన ఆ యాత్రలవలననే అమెరికా మిరప పోర్చుగీసువారిచే మన దేశము చేరి, నేడు మన పొలముల నెఱ్ఱబార్చుచున్నది.

తూర్పుదీవులలో సుగంధద్రవ్యములు కొనుటకు మన బట్టలే నాణెములయ్యెను. అందుచేతనే 1605లో డచ్చివారు మచిలీపట్టణమున నిలిచిరి. 1611లో ఆంగ్లేయుల ‘గ్లోబు’ ఓడ మన జిల్లాల తీరమందలి నిజాంపట్టణమునకును, పిదప మచిలీపట్టణమునకును వచ్చెను.

మన వర్తకులకు ఓడలు లేకపోలేదు. వేలమంది సొమ్మును వాటాలుగ గూర్చిన కంపెనీయు, దానిని గాచు ఫిరంగియు లేకుండెను. తుదకు బయానాలిచ్చి నేతగానిని కట్టివేసిన కంపెనీయే వెలను నిర్ణయించెను.

మంగళగిరి మగ్గములు నేటికి నాడుచున్నవి. నేర్పు మనదైనంత మాత్రమున చాలదు. సరుకు పోవు త్రోవయు, దాని వెలయు మన చేత నుండవలయును. ఆ ఓడలు నేర్పిన పాఠమిదియే.