ఏడడుగుల వెడల్పులో ఇల్లు

(ఢిల్లీలో పనిచేస్తున్న మన బ్యాంకు తెలుగు ఉద్యోగుల ఉగాది కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఏదైనా ఉపయోగపడే విషయం మాట్లాడండి, బ్యాంకింగ్ మాత్రం వద్దు" అన్నారు నిర్వాహకులు. అందుకని ఒక గది గురించి మాట్లాడతాను. ఆ గది వెడల్పు ఏడడుగుల రెండంగుళాలు, పొడవు పదమూడడుగులు. 2024 జూన్‌లో బదిలీ మీద ఢిల్లీ వచ్చి, మయూర్ విహార్‌లో డీడీఏ ఫ్లాటు అద్దెకు తీసుకున్నాను. అందులో రెండు పడకగదులు, వెనకవైపు ఎవరో ఎప్పుడో గోడ కట్టి మూసేసిన బాల్కనీ. ఒక గది మాది, ఒకటి అమ్మాయిది. మిగిలిన ఆ బాల్కనీ గది మా నాన్నగారిది కావాలి. అమ్మ పోయాక ఆయన ఊళ్ళో ఒక్కరే ఉంటున్నారు. "ఢిల్లీలో నాకెక్కడ చోటుంటుందిరా" అనేవారు ఫోన్లో. ఆ చోటు చూపించాల్సిన బాధ్యత నాది.

వడ్రంగిని అడిగితే గది చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇది గది కాదు సార్, గల్లీ" అన్నాడు. సరే, నేనే చేసుకుందామనుకున్నాను. రాత్రిళ్ళు ఇరుకు ఇళ్ళ గురించి చదువుతూ, చూస్తూ ఉంటే ఇంగ్లండు కాలువల మీది నారోబోట్లు తగిలాయి. తెలుగులో సన్నపడవ అనుకోవచ్చు. దాని వెడల్పు సుమారు ఆరడుగుల పది అంగుళాలు! నా గది కంటే నాలుగంగుళాలు తక్కువ.

ఆ వెడల్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెబితే గోదావరి జిల్లాల వాళ్ళకు వెంటనే అర్థమవుతుంది: లాకుల నుంచి. 18వ శతాబ్దంలో జేమ్స్ బ్రిండ్లీ వంటి ఇంజినీర్లు అక్కడి కాలువల మీద ఖర్చు తగ్గించడానికి ఏడడుగుల వెడల్పు లాకులు కట్టారు. లాకు ఎంత ఉంటే పడవ అంత, పడవ ఎంత ఉంటే సంసారం అంత. మన దగ్గర 1852 నాటికి కాటన్ దొర దవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసి, కాలువలను సాగునీటితో పాటు పడవల రాకపోకలకు కూడా వాడుకునేట్టు చేశాడు. మా నాన్నగారు అలాంటి ఒక కాలువ మీదే లస్కరుగా పనిచేసి రిటైరయ్యారు. నేను పుట్టి పెరిగింది లాకుల పక్క క్వార్టర్లోనే. అందుకే ఆ సన్నపడవలు నాకు పరాయివిగా అనిపించలేదు.

19వ శతాబ్దంలో రైళ్ళ పోటీకి సరుకు కిరాయిలు పడిపోయి, చాలామంది పడవవాళ్ళు ఒడ్డున ఇల్లు వదిలి భార్యాపిల్లలతో పడవలోకే మారారు. మిగతా పడవంతా సరుకుకి. మనుషులకి వెనకవైపు పదడుగులైనా లేని ఒక చిన్న గది. అందులోనే పొయ్యి, బల్ల, మంచం, అలమర. అలమర తలుపుకి బందులు కింద పెడతారు, దించితే అదే భోజనాల బల్ల. అడ్డంగా వేసే మంచం పగలు మడిచి అలమరలో పెడతారు. ఇంత ఇరుకులోనూ తలుపుల మీద గులాబీలు, కోటలు రంగుల్లో వేసుకునేవారు. ఇత్తడి గుబ్బలు తళతళలాడేవి. ఒక గదిలో మరీ ఎక్కువమందిని కుక్కుతున్నారని 1877లో చట్టం తెచ్చి, పడవను నమోదు చేయించాలని, ఎంతమంది ఉండవచ్చో నిర్ణయించాలని నియమం పెట్టారు. తర్వాత 1939లో రోల్ట్ అనే ఇంజినీరు క్రెస్సీ అనే పాత పడవను బాన్‌బరీలో ఇల్లుగా మార్చుకుని కాలువల మీద తిరిగాడు. ఆ ప్రయాణం మీద 1944లో ఆయన రాసిన 'నారో బోట్' పుస్తకం మూతపడబోతున్న కాలువల మీద జనానికి మళ్ళీ ఆసక్తి పుట్టించింది. ఇవాళ అక్కడ చాలామంది ఖాళీ ఇనుప పడవ కొనుక్కుని, లోపలి పనంతా సొంతంగా చేసుకుంటున్నారు.

వాళ్ళ దగ్గర నేను నేర్చుకున్నవి, నేర్చుకోకుండా నష్టపోయినవి నాలుగైదు చెబుతాను. ఎండీల ముందు ప్రజెంటేషన్ కాదు కాబట్టి స్లయిడ్లు లేవు.

మొదటిది, వరస. పడవలో ముందు అడుగున ఇటుకలో రాతిపలకలో పరిచి బరువు సమానం చేస్తారు. తర్వాత నేల, గోడలకు చలి ఆపే ఫోము, తీగలు, పైపులు, పైన చెక్క పలకలు, ఆ తర్వాతే మంచాలు, అలమరలు. రంగు చిట్టచివర. ఎంబీఏలో క్రిటికల్ పాత్ అని దీన్నే చదివి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఇంట్లో మాత్రం ముందు అలమర బిగించి, తర్వాత ప్లగ్ పాయింటు దాని వెనక ఉందని గమనించాను. మళ్ళీ విప్పాను. కరెంటు పని మాత్రం నేను చేయలేదు, మీరూ చేయకండి. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. స్విచ్చులు, వైర్లు కొనడానికి చాందినీ చౌక్‌లో భగీరథ్ ప్యాలెస్ ఉంది.

రెండోది, చెమ్మ. ఇనుప పడవలో చలికాలం మనిషి ఊపిరే గోడ మీద నీరై కారుతుంది. మన బాల్కనీ గదుల సంగతీ అంతే. మూడువైపులా బయటి గోడలు, జనవరిలో మంచులా చల్లగా, ఆగస్టులో తడిగా ఉంటాయి. ఇక్కడే నా పెద్ద పొరపాటు జరిగింది. కీర్తి నగర్ కలప బజారు అంతా తిరిగి, చదరపుటడుగుకి ధర తగ్గిందని ఎం.ఆర్. రకం ప్లైవుడ్ కొన్నాను. మొదటి వానాకాలానికే కింది పలక అప్పడంలా ఉబ్బింది. అప్పుడు చదివాను. మామూలు ప్లైవుడ్‌కి ఐఎస్ 303 ప్రమాణం. అందులో ఎం.ఆర్. అంటే కాస్త తేమను తట్టుకునేది, బి.డబ్ల్యూ.ఆర్. అంటే అంతకంటే మెరుగు. నీటికి బాగా నిలబడేది ఐఎస్ 710, దాని పేరే మెరైన్ ప్లైవుడ్. పడవల చెక్క! పడవ గురించి నెలరోజులు చదివి, పడవ చెక్క తప్ప మిగతాదంతా నేర్చుకున్నానన్నమాట. గదంతా మెరైన్ అక్కర్లేదు. నేలకి, బయటి గోడకి దగ్గరగా ఉండే పలకలకు వాడితే చాలు. అలమర వెనక గోడకి ఒక అంగుళం ఖాళీ వదలండి, గాలి ఆడుతుంది. అంచులు కోసినచోట పట్టీ అంటించకుండా వదలకండి. నీరు అక్కణ్ణుంచే దూరుతుంది.

గాలి మాట వచ్చింది కాబట్టి ఒక్క హెచ్చరిక. పడవల్లో కిందా పైనా మూయడానికి వీల్లేని గాలి రంధ్రాలు పెడతారు, పొయ్యి నుంచి వచ్చే విషవాయువుకి భయపడి. ఢిల్లీలో చలికి తలుపులన్నీ బిగించి కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్ళు తెల్లారి లేవలేదన్న వార్త మనం ప్రతి శీతాకాలం చదువుతున్నాం. ఇరుకు గదిలో బొగ్గు కుంపటి వద్దే వద్దు. రంగులు, పాలిష్ కూడా దసరాలోపే ముగించండి. ఆ తర్వాత గాలి పాడైతే గ్రాప్ ఆంక్షలు వస్తాయి. అవి రాకపోయినా ఆ పొగమంచులో కిటికీ తెరిచి రంగు ఆరబెట్టలేం.

మూడోది, బరువు. పడవలో బరువు ఒకవైపు చేరితే ఒరుగుతుంది. ఇల్లు ఒరగదు కదా అనుకుంటాం. ఢిల్లీకి భూకంపాల భయం ఉంది. 2025 ఫిబ్రవరి 17 తెల్లవారుజామున 5.36కి వచ్చిన 4.0 తీవ్రత ప్రకంపన మీలో చాలామందిని మంచం మీంచి లేపే ఉంటుంది. పొడుగు అలమరను గోడకి బోల్టుతో బిగించండి. పుస్తకాలు, ఇత్తడి సామాను కింది అరల్లో పెట్టండి. తల వైపు గోడ మీద బరువైనదేదీ వద్దు.

నాలుగోది మన బ్యాంకువాళ్ళకి ప్రత్యేకం. పడవ కదిలే ఇల్లు. మనదీ అంతే, మూడేళ్ళకోసారి లాకు దాటాలి. కాబట్టి మేకులు కొట్టకండి, నట్లూ బోల్టులూ వాడండి. ఏ ముక్కా ఒకరు పట్టుకుని మెట్లు దిగలేనంత పెద్దది కాకూడదు. ప్రతి ముక్క వెనకా అంకె రాయండి. గోడకి రంధ్రం చేసేముందు ఇంటి యజమాని దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. డాక్యుమెంటేషన్ గురించి మీకు నేను చెప్పాలా! సామాను చావ్‌డీ బజార్‌లో దొరుకుతుంది. అక్కడ నేనొకసారి కంగారుపడ్డాను. పక్కనున్నాయన "నాలుగు కబ్జాలు ఇవ్వండి" అన్నాడు. మన శాఖల్లో ఆ మాట వింటే లీగల్ డిపార్ట్‌మెంటుకి ఫోన్ చేస్తాం. ఇక్కడ కబ్జా అంటే తలుపు బందు. నేనూ ఓ అరడజను కబ్జాలు కొనుక్కుని వచ్చాను.

ఇక ఐదోది. ఇది నేను చదవలేదు, నాన్నగారి దగ్గర నేర్చుకున్నాను.

గదిని అంగుళం అంగుళం కొలిచాను. వెడల్పు 86 అంగుళాలు. ఒకవైపు మంచం 36, ఎదురుగోడకి 14 అంగుళాల లోతు అరలు, మధ్య నడవడానికి 36. మంచం కింద పెట్టెలు దూర్చడానికి, పరుపుతో కలిపి ఎత్తు 24 అంగుళాలు పెట్టాను. ఒక్క అంగుళం వృథా లేదు. ఖర్చు అంచనా అరవై వేలు, అయింది ఎనభై మూడు వేలు. ఉబ్బిన ప్లైవుడ్ దాన్లో రైటాఫ్ ఖాతా. అయినా గది చూస్తే గర్వంగానే ఉండేది. మా అమ్మాయి తలుపు మీద గులాబీలకి బదులు ముద్దబంతి పూలు వేసింది.

నవంబరులో నాన్నగారు వచ్చారు. గదంతా చూశారు. బల్లగా దిగే తలుపుని రెండుసార్లు దించి, ఎత్తారు. మూలమట్టం పెట్టినట్టు అంచుల మీద చెయ్యి వేసి చూశారు. తర్వాత మంచం మీద కూర్చున్నారు. కాళ్ళు నేలకి అందలేదు. కాసేపు అలాగే ఊపుతూ కూర్చుని, "ఏరా, లాకు తలుపు మీద కూర్చున్నట్టుంది" అన్నారు నవ్వుతూ. అందరం నవ్వాం.

ఆ రాత్రి రెండింటికి చప్పుడైతే లేచి వెళ్ళాను. ఆయన చీకట్లో మంచం అంచున కూర్చుని, కాలి బొటనవేలితో నేల కోసం వెతుకుతున్నారు. డెబ్బై ఆరేళ్ళ మనిషి. పట్టుకోవడానికి ఏమీ లేదు. "ఏం లేదురా, నువ్వు పడుకో" అన్నారు.

నేను గది కొలిచాను, పెట్టెలు కొలిచాను, గోడలోని చెమ్మని కూడా లెక్కపెట్టాను. మనిషి మోకాలి ఎత్తు కొలవలేదు.

మర్నాడు సెలవు పెట్టాను. బోల్టులు విప్పి, నాలుగు కాళ్ళూ ఆరేసి అంగుళాలు కోసేశాను. పరుపుతో పద్దెనిమిది అంగుళాలు, ఆయన మోకాలికి సరిగ్గా. పెద్ద పెట్టెలు పట్టలేదు, అటక మీదికెళ్ళాయి. మంచం పక్కన గోడకి ఒక పట్టుకమ్మీ, కాలికి దగ్గరగా చిన్న రాత్రి దీపం పెట్టాను. ఈ రెండింటికీ కలిపి వెయ్యి రూపాయలు కూడా కాలేదు. ఎనభై మూడు వేలలో లేనిది అందులో ఉంది. మేకులు కొట్టి ఉంటే ఆ దిద్దుబాటు ఒక్కరోజులో అయ్యేది కాదు.

ఆ తర్వాత ఒకటో తారీఖున శాఖకి వెళ్ళినప్పుడల్లా పెన్షనర్ల వరస చూస్తాను. కౌంటరు ఎత్తు, కుర్చీ ఎత్తు, సంతకం పెట్టే బల్ల ఎత్తు. అన్నీ ఎవరో కొలిచే చేయించారు, దేన్ని కొలిచారన్నదే ప్రశ్న. మా శాఖలో చేతులున్న కుర్చీలు రెండు ముందుకి జరిపించాం. అంతకంటే గొప్పగా చెప్పుకునేదేమీ లేదు.

సన్నపడవ వాళ్ళు ఇరుకులో ఎలా బతికారంటే, ప్రతి వస్తువునీ మనిషి చెయ్యి చాపితే అందేట్టు చేసుకున్నారు కాబట్టి. మనకు పెళ్ళిలో ఏడడుగులు నడిస్తే సంసారం మొదలవుతుంది. వాళ్ళు ఏడడుగుల వెడల్పులో సంసారమంతా చేశారు. చోటు తక్కువన్న మాట నేనిప్పుడు అంత తొందరగా అనను.

నాన్నగారు మా దగ్గరికి వచ్చి ఏడాదిన్నర కావస్తోంది. ఆ గదిని ఆయన 'పడవ' అంటారు. బోల్టులు విప్పే పానా అరలో తన మందుల డబ్బా పక్కనే పెట్టుకున్నారు. ఈమధ్య ఇంట్లో బదిలీల మాట వస్తే పేపరు మీంచి తల ఎత్తి, "లాకులు ఎప్పుడు తీస్తారట?" అని అడిగారు.