యంత్రములోని యంత్రము

గ్రామఫోను పలకలు అటకమీద భద్రముగా నుండి, వాటిని పాడించు పెట్టె మాత్రము ఏనాడో పాత సామానులవాని తట్టలోనికి పోయిన యిండ్లు మనలో ఎన్నియో కలవు. పలక చెడలేదు, అందలి పాటయు చెడలేదు. అయినను ఆ పాట మనకు లేనట్లే. విజ్ఞానశాస్త్ర పరిశోధనలకు వాడు కంప్యూటరు ప్రోగ్రాములకును నేడిట్టి సంకటమే ఏర్పడుచున్నది. దానికి శాస్త్రజ్ఞులు పన్నిన ఉపాయమొకటి కలదు. దానిని గూర్చియే ఈ ప్రసంగము.

స్విట్జర్లండు, ఫ్రాన్సు దేశముల సరిహద్దున, జెనీవా నగరము చెంత సెర్న్ అను పరిశోధనాలయము కలదు. అచ్చట 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల సొరంగములో 1989 మొదలు 2000 వరకు లెప్ అను యంత్రము ఎలక్ట్రానులను, పాజిట్రానులను ఎదురెదురుగా పరుగెత్తించి ఢీకొట్టించినది. ఆ తాకిడుల ఫలితములను అలెఫ్, డెల్ఫీ, ఎల్3, ఓపల్ అను నాలుగు పరిశీలక యంత్రములు నమోదు చేసినవి. ఎల్3 ప్రయోగమున మన ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థవారును పాల్గొనిరి. తేలికపాటి న్యూట్రినోలు మూడు జాతులే యని నిర్ధారణగా తేల్చినవి ఈ ప్రయోగములే. తరువాత లెప్‌ను విప్పివేసి, అదే సొరంగములో వేరొక పెద్దయంత్రమును నెలకొల్పి, 2008లో నడిపింప మొదలిడిరి. కావున లెప్ కొలతలను మరల తీయుట నేడు సాధ్యము కాదు. దాచియుంచిన అంకెలే మిగిలినవి. వాటిని చదువు ప్రోగ్రాములు అధికభాగము ఫోర్ట్రాన్ భాషలో, ఆనాటి కంప్యూటర్లకొరకు వ్రాయబడినవి.

వాటిని నేటి కంప్యూటరున కెక్కించిన నడువవా యని మీరు అడుగవచ్చును. కొన్ని నడువవు, మొరాయించి ఊరకుండును. వాటితో బాధ లేదు. నడచిన వానితోనే భయమెక్కువ. పూర్వపు ఇంటెల్ ప్రాసెసర్లలో దశాంశముల గణితము 80 బిట్ల వెడల్పు గల గదులలో జరిగెడిది. తరువాతి కంపైలర్లు సాధారణముగా 64 బిట్ల లెక్కనే వాడుచున్నవి. ఒక్క కూడికలో ఈ తేడా కంటి కగపడనంత స్వల్పము. కాని లక్షల మెట్లు గడచునప్పటికి, ఒక కణము మనము గీచిన గీతకు ఇటునుండవలసినది అటు పోవచ్చును. అప్పుడు వచ్చిన క్రొత్త ఫలితము ప్రకృతి చెప్పిన మాటయో, కంపైలరు చెప్పిన మాటయో ఎవరు తేల్చగలరు?

ఇందులకు విరుగుడు వర్చువల్ మెషీను, అనగా కల్పితయంత్రము. పెద్ద లోగిలిని వాటాలుగా విభజించి అద్దెకిచ్చుట మన పట్టణములలో కొత్త కాదు. నూయి ఒకటే, ప్రహరీ ఒకటే. కాని ఎవరి వంటయిల్లు వారిది, ఎవరి తాళము వారిది. అట్లే ఒక పెద్ద సర్వరులో హైపర్వైజరు అను ప్రోగ్రాము ఇంటి యజమాని వంటిది. అది ప్రాసెసరును, జ్ఞాపకశక్తిని, డిస్కును పంచి, ప్రతి వాటాలోను ఒక సంపూర్ణ కంప్యూటరున్నట్లు భ్రమ కల్పించును. ఇరువది యేండ్లనాటి ఆపరేటింగ్ సిస్టము ఆ వాటాలో మేల్కొని, తాను తన కాలమునాటి యంత్రముపైననే యున్నానని నమ్మి పని చేయును.

ఈ ఊహ నేటిది కాదు. 1967 నాటికే అమెరికాలోని కేంబ్రిడ్జిలో ఐబిఎం శాస్త్రజ్ఞులు సిపి-40 అను ఏర్పాటుతో ఒకే యంత్రమును 14 కల్పితయంత్రములుగా నడిపిరి. సామాన్య ప్రాసెసర్లలో ఇందులకు తగిన సదుపాయమును ఇంటెల్ 2005లోను, ఎఎండి 2006లోను చేర్చినవి. 2007లో లినక్స్ లోపలనే కెవియం అను హైపర్వైజరు చోటుచేసికొన్నది.

ఇట్టి సర్వరును నెలకొల్పదలచిన కళాశాలవారు మొట్టమొదట ప్రాసెసరులోని ఆ సదుపాయము తెరచియున్నదో లేదో చూడవలెను. అది యుండియు, అమరికలలో మూసియుండుట తరచు జరుగును. పాపము, క్రొత్తవారు దినములకొలది తికమకపడుదురు. జ్ఞాపకశక్తిని పంచునపుడు ఉన్నదానికి మించి వాగ్దానము చేయరాదు. యజమానికి కొంత మిగుల్చవలెను. లేనిచో అందరి పనియు డిస్కుమీద పడి, సర్వరు నత్తనడక నడచును. పాత ఆపరేటింగ్ సిస్టమునకు రక్షణ సవరణలు ఆగిపోయి యుండును గనుక, దానిని బయటి నెట్‌వర్కునకు తగిలింపరాదు. పరిశోధన అంకెలను చదువుటకు మాత్రమే వీలగునట్లు, వ్రాయుటకు వీలులేకుండ అందించుట మేలు.

ప్రోగ్రాము నెక్కించిన పిమ్మట, జవాబు ముందే తెలిసిన ఒక పాత లెక్కను దానిచే చేయించి, అంకెకు అంకె సరిచూడవలెను. ఇది కుదిరిననాడే స్నాప్‌షాట్, అనగా ఆ స్థితికి అచ్చుగా ఒక ప్రతి తీసికొనవలెను. అయితే స్నాప్‌షాట్ అదే డిస్కుమీద నుండును. డిస్కు పోయిన రెండును పోవును. ప్రతి వేరొకచోట నుండి తీరవలెను. ఈ పనియంతయు ప్రోగ్రాము వ్రాసినవారు ఉద్యోగము విరమింపకముందే జరుగవలెనని నా యభిప్రాయము. ఏ అంకె యెందులకు వచ్చినదో వారి తలలో నుండునంత వివరము కాగితములలో నుండదు.

సెర్న్ వారు తామే సెర్న్‌వియం అను కల్పితయంత్రమును రూపొందించిరి. సుమారు 20 మెగాబైట్ల చిన్న బీజముతో అది మొదలగును. తక్కిన ఫైళ్లు కావలసినపుడు కావలసినంతవరకే నెట్‌వర్కు మీదుగా వచ్చును. ఆ భాండాగారములో పాత ప్రతులును భద్రముగా నున్నందున, 2012లోనే సవరణలు నిలిచిపోయిన సైంటిఫిక్ లినక్స్ నాలుగవ ప్రతిని మేల్కొలిపి, అలెఫ్ ప్రోగ్రాములను దానిపై నడిపి చూపిరి.

ఇంటెల్ జాతి ప్రాసెసర్లే కనుమరుగైననాడు ఏమగునను ప్రశ్న మిగిలియున్నది. క్యూఎము వంటి ప్రోగ్రాములు ఒక జాతి ప్రాసెసరు ఆజ్ఞలను వేరొక జాతి ఆజ్ఞలలోనికి తర్జుమా చేసి నడుపగలవు. అందువలన వేగము మిక్కిలి తగ్గును. అయినను లెప్ కాలపు కంప్యూటర్లు నేటివానికంటె ఎంతో నెమ్మది గనుక, ఆనాటి ప్రోగ్రాములకు ఆ నష్టము అంతగా తగులదు.