42లో 41



జనం మెచ్చిన నాయకుడు ఏం చేసినా చెల్లుతుందా అన్నది ఈ సాయంత్రం నాకిచ్చిన ప్రశ్న. 1977 మార్చి నుంచి మొదలుపెడతాను. 21 నెలల ఎమర్జెన్సీ తర్వాత ఉత్తరాది ఇందిరా గాంధీని ఓడించింది. రాయ్‌బరేలీలో ఆమే ఓడిపోయారు. ఆంధ్రప్రదేశ్ మాత్రం 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. మిగిలిన ఒక్క నంద్యాల జనతా అభ్యర్థి నీలం సంజీవరెడ్డిది. కర్ణాటకలో 28కి 26. మన తమిళనాడులో అన్నాడీఎంకే, కాంగ్రెస్ కూటమికి 39కి 34. హొసూరు బస్టాండులో కుప్పం బస్సెక్కినా, కృష్ణగిరి బస్సెక్కినా ఎమర్జెన్సీని మన్నించిన ఊళ్లోనే దిగేవాళ్లం. బెంగళూరు బస్సు సంగతి కొంచెం వేరు: 1973లో ఆమె ప్రభుత్వం పక్కనపెట్టిన న్యాయమూర్తి కె.ఎస్. హెగ్డేను బెంగళూరు దక్షిణం గెలిపించింది.

భయపెట్టి ఓట్లేయించుకున్నారని కొందరు సర్దిచెబుతారు. నేనొప్పుకోను. ఆ భయం ఉత్తరాదిలో ఇంకా ఎక్కువ. అక్కడ ఓడించారు కదా! ఇళ్లస్థలాలు, ఇరవై సూత్రాల కార్యక్రమం ఇక్కడ ఆశ పుట్టించాయి; కుటుంబ నియంత్రణ బలవంతం అక్కడంతగా ఇక్కడ తాకలేదు. మనవాళ్లు తెలిసే వేశారు. ఆ ఓటును చిన్నబుచ్చను. కానీ జనామోదమే న్యాయమైతే, విచారణ లేకుండా మీసా అనే అంతర్గత భద్రతా చట్టం కింద మనిషిని జైల్లో పెట్టడం లక్నోలో తప్పు, కర్నూలులో ఒప్పు కావాలి.

స్నేహలతారెడ్డి మన తెలుగావిడ. కవి పఠాభి భార్య, 'సంస్కార' కన్నడ సినిమా నటి. మన హొసూరుకు నలభై కిలోమీటర్ల దూరంలోని బెంగళూరు సెంట్రల్ జైల్లో ఆమెను 1976 మే నుంచి ఉంచారు. ఉబ్బసం మనిషి. 1977 జనవరి 15న పెరోలుపై వదిలారు. 18న ఎన్నికలు ప్రకటించారు. 20న ఆమె పోయారు. రెండు నెలలకు కర్ణాటక ఆ 26 స్థానాలూ ఇచ్చింది. ఎవరు పాలించాలో ఆ ఓట్లు చెప్పాయి. ఆమెనెందుకు బంధించారో అడగాల్సింది కోర్టు. ఎమర్జెన్సీలో అలా అడిగే తలుపును 1976 ఏప్రిల్ 28నే సుప్రీంకోర్టు మూసేసింది, హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు.

జనం మెచ్చిన నాయకుల్లో రాజాజీని వదిలేస్తే, ఆయన పుట్టిన తొరపల్లివాళ్లు ఊరుకోరు. 1937లో మద్రాసు శాసనసభలో 215కి 159 స్థానాలు గెలిచిన కాంగ్రెస్ ప్రభుత్వానికి ఆయనే పెద్ద. బడుల్లో హిందీ తప్పనిసరి చేసి, ఎదిరించినవాళ్లను జైలుకు పంపారు. వారిలో నటరాజన్, తాళముత్తు 1939లో ఖైదీలుగానే చనిపోయారు. మెజారిటీ ఉంది కదా అని తమిళనాడులో ఇవాళ దాన్నెవరు వెనకేసుకొస్తారు? 2006లో బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేసిందీ ఎన్నికైన శాసనసభే. పదో తరగతి పరీక్షలో మన తెలుగు పిల్లలకు మినహాయింపు కోసం కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. ఈ హాల్లో కూర్చున్నవాళ్లకు ఇంతకంటే విడమరచి చెప్పాలా?

సుప్రీంకోర్టు మూసిన ఆ తలుపును తెరుస్తూ 1978లో రాజ్యాంగ 44వ సవరణ వచ్చింది. ఎమర్జెన్సీ పెట్టినా 20, 21 అధికరణాల హక్కులు ఆగకూడదంది. 1980లో ఇందిరా గాంధీ మెదక్‌లోనూ గెలిచి, భారీ మెజారిటీతో తిరిగొచ్చారు. ఆ రక్షణ జోలికి మాత్రం వెళ్లలేదు.