చిన్న ఊరి మంచినీటి పథకమునకు చేయూత

పట్టణమునకు కుళాయి నీరు కావలెనన్నచో పురపాలక సంఘమునందు ఇంజనీర్లుందురు, గుమాస్తాలుందురు, లెక్కలు చూచువారుందురు. రెండు వందల గడపలున్న పల్లెకు అట్టివారెవ్వరును లేరు. ఉన్నది ఒక పంచాయతీ, ఒక బావి, వేసవిలో దానిచుట్టును బిందెల వరుస. ప్రభుత్వమువద్ద ధనము లేకనే ఇట్టి పల్లెలు నీటికి ఇబ్బంది పడుచున్నవని మనము తరచుగా అనుకొందుము. ధనముండియు అది పల్లెకు చేరకపోవుటకు వేరొక కారణము కలదు. దానినే నేడు కొంత విచారింతము.

నిధులు కోరు పల్లె ముందుగా ఏమేమి సిద్ధపరచుకొనవలెను? ఎండకాలమున బావిలో ఎంత నీరూరునో కొలిపించవలెను. ఆ నీటిని పరీక్ష చేయించవలెను. ట్యాంకు కట్టుటకు తగాదా లేని స్థలము చూపవలెను. గొట్టముల పొడవు, మిట్టపల్లములు, మోటారు శక్తి లెక్కగట్టించి అంచనా వ్రాయించవలెను. గ్రామసభలో తీర్మానము చేయవలెను. వీనిలో ఏ ఒక్కటి లోపించినను కాగితములు తిరిగి వచ్చును. ఇందువలన వ్రాయగలవారున్న ఊరికి ముందుగా నిధులు లభించును. అవసరము హెచ్చుగా ఉన్న ఊరు వెనుకబడును.

నీటి పరీక్షనే చూతము. నల్లగొండ జిల్లాను తరములపాటు పీడించిన ఫ్లోరైడు కంటికి కనబడదు, నాలుకకు తెలియదు. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో దంతములకు, ఎముకలకు చేటు కలుగును. ఈ సంగతి ప్రయోగశాల చెప్పవలసినదే గాని ఊరు తనంత తానెరుగజాలదు.

ఇట్టి కొరతను తీర్చుటకై గుజరాతు రాష్ట్రమున 2002లో ‘వాస్మో’ అను సంస్థను నెలకొల్పిరి. గ్రామమునకు బదులుగా తాను పని చేయుట గాక, గ్రామముచేతనే పని చేయించుట దాని పద్ధతి. ఊరిలో ‘పానీ సమితి’ ఏర్పడును. ఇంజనీర్లు, సామాజిక కార్యకర్తలు వచ్చి సమితితో కూర్చుండి పథకమును తయారుచేయుదురు. వ్యయములో పదవ వంతు ఊరివారు భరింతురు. పని పూర్తియైన పిమ్మట నిర్వహణ భారము సమితిదే.

2019 ఆగస్టు 15న ప్రకటించిన జల జీవన్ మిషన్ మార్గదర్శక సూత్రములలోను ఈ భావమే కానవచ్చును. మనిషికి దినమునకు 55 లీటర్ల నీరు అందవలెననియు, గ్రామ నీటి సంఘములో సగము మంది స్త్రీలుండవలెననియు, ఊరికి తోడ్పడుటకు సహాయక సంస్థలను నియమింపవలెననియు వానిలో పేర్కొనిరి. ఊరివాటాను రొక్కముగానే గాక శ్రమరూపమునను చెల్లింపవచ్చుననిరి.

అయితే తోడ్పాటు ట్యాంకు కట్టుటతో ముగియరాదు. మోటారు కాలిపోయిన దినమున, కరెంటు బిల్లు వచ్చిన దినమున పథకమునకు నిజమైన పరీక్ష. ఒక్కొక్క పల్లె ఒక్కొక్క ఇంజనీరును, ప్రయోగశాలను, మెకానిక్కును పోషింపజాలదు. ఇరువది పల్లెలు కలిసినచో పోషింపగలవు. కావున ఈ సహాయము ప్రాంతమునకొక కేంద్రముగా, స్థిరముగా ఉండవలెను.

మన వంతు పనియు కొంత కలదు. రాబోవు గ్రామసభకు పోయి, మన నీటిని చివరిసారిగా ఎప్పుడు పరీక్షించిరో, మరమ్మతులకు ఎంత సొమ్ము నిలువ ఉన్నదో అడుగుదము. నీళ్లు మోయు స్త్రీల మాటను ముందుగా విందము. అడుగు ఊరును, ఆదుకొను కేంద్రమును కలిసిననాడే కుళాయిలో నీరు నిలుచును.