సందేశముల జల్లెడ
(ప్రసంగ పాఠము)



పిండి జల్లించు గృహిణి జల్లెడలో మిగిలిన నూకను వీథిలో పారవేయదు. దానిని మరల దంచి మరల జల్లించును. చేటతో చెరుగునప్పుడు మాత్రము పొట్టు గాలికెగిరి పోవును. పోయినది తిరిగి రాదు. ఈ భేదము చిన్నదిగా తోచును గాని, కంప్యూటరులో నిత్యము వచ్చిపడు ఈ-మెయిళ్లను, న్యూస్‌గ్రూపులను వార్తాకూటముల లేఖలను వడపోసికొనువారికి ఇదియే మూలసూత్రము. తాము పట్టినది జల్లెడయో చేటయో ఎరుగనివారు పొట్టుతో పాటు గింజను కూడ పోగొట్టుకొందురు.

ప్రతి సందేశమునకు శీర్షము, దేహము అని రెండు భాగములుండును. పంపినవారెవరు, అందుకొనువారెవరు, విషయమేమి, తేది యేది, ఏ లేఖకు ఇది ప్రత్యుత్తరము అను వివరములు శీర్షములో ఉండును. 1982లో వెలువడిన 822వ సంఖ్య గల ఇంటర్నెట్ ప్రమాణపత్రము ఈ-మెయిళ్ల శీర్షములకు ఒక కట్టుబాటు నేర్పరచినది. కార్యాలయములలో తపాలు గుమాస్తా కవరు విప్పి, తేది ముద్ర వేసి, డైరీలో ఎక్కించి తగిన సెక్షనునకు పంపును. కంప్యూటరును అట్లే శీర్షమును చూచి సందేశములను వేరుపరచును. కాని గుమాస్తా ఉత్తరములోని తొందరను గ్రహింపగలడు. యంత్రమునకు మనుష్యుడు వ్రాసియిచ్చిన నియమము అక్షరములను మాత్రమే పోల్చి చూచును.

ఈ వడపోత అవసరము వార్తాకూటములలో ముందుగా బలపడినది. 1979లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అనువారు యూజ్‌నెట్‌ను సంకల్పించిరి. కొలది యేండ్లలోనే అందులోని లేఖలు ఒక్క మనిషి చదువజాలనంతగా పెరిగినవి. 1984లో లారీ వాల్ 'ఆర్.ఎన్.' అను ప్రోగ్రామును రచించి, అందులో 'కిల్ ఫైలు' అను ఏర్పాటు కల్పించెను. చదువరి తనకు వలదనుకొన్న విషయములను ఆ ఫైలులో వ్రాసికొనును. అట్టి లేఖలకు 'చదివినట్లు' గుర్తు పడి అవి కంటికి మరుగగును. పేరు భయంకరమే గాని చేసిన పని సాధువైనది. లేఖ యథాస్థానమున నిలిచియుండును. ఇతరులు దానిని చదువుకొందురు. మనసు మారినచో మరుగుపరచినవాడును చదువవచ్చును. తరువాత వచ్చిన 'గ్నూస్' ఇంకొక మెట్టు ఎక్కి, లేఖలకు పరీక్షపత్రములకు వలె మార్కులు వేసెను. ఇష్టమైన రచయిత లేఖ పైకి వచ్చును, విసుగు పుట్టించు చర్చ అడుగునకు జారును. వార్తాకూటముల సందడి ఇప్పుడు తగ్గినది; 2024 ఫిబ్రవరిలో గూగుల్ గ్రూప్స్ యూజ్‌నెట్‌కు క్రొత్త లేఖలు పంపు వసతిని నిలిపివేసినది. నాడు నేర్చిన పాఠము మాత్రము ఈ-మెయిలునకును చెల్లును.

2004లో తొలి పూర్తి రూపము వెలువడిన థండర్‌బర్డ్ అను ప్రోగ్రాము ఈ-మెయిళ్లను, వార్తాకూటములను రెంటిని చదివించును. అందులో రెండు సాధనములున్నవి. మొదటిది జాబితాపై నుండు తక్షణ వడపోత. చదువనివి, నక్షత్రపు గుర్తు గలవి, జోడింపులు గలవి, లేదా ఒక మాట గలవి మాత్రమే చూపుమనవచ్చును. ఆ మీట తీసివేసినంతనే జాబితా అంతయు యథాతథముగ కనబడును. ఇది అచ్చమైన జల్లెడ. రెండవది స్థిరనియమము. ఇది సందేశము వచ్చినంతనే పనిచేసి దానిని మరియొక అరకు పంపును, గుర్తు పెట్టును, లేదా తొలగించును. ఇది చేట కాగలదు.

తెలుగువారికి ఇందు ఒక ప్రత్యేకమైన చిక్కు గలదు. 1990ల ప్రాంతమున ప్రవాసాంధ్రులు 'సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు' అను వార్తాకూటమిలో తెలుగును ఆంగ్లలిపిలో వ్రాసికొనిరి. 'తెలుగు' లోని మొదటి హల్లుకు ఒకరు 'టి' అను ఒక్క అక్షరమును, మరొకరు 'టి, హెచ్' అను రెంటిని వాడుదురు. నియమము ఒక రూపమును పట్టినచో రెండవది తప్పించుకొనును. తెలుగులిపి వచ్చిన పిమ్మటను చిక్కు పూర్తిగా తీరలేదు. 'ఇల్లు' అని వెదకినవానికి 'ఇంటికి' దొరకదు. 'పని' అని వెదకినవానికి 'పనికిరాని' దంతయు దొరకును.

దీనివలన నష్టము ఎట్లు కలుగునో ఒక ఉదాహరణము చాలును. విశ్రాంత కేంద్రోద్యోగి యొకరు తమ బ్యాంకు పంపు ప్రకటనలకు విసిగి, 'ఈ బ్యాంకునుండి వచ్చు ప్రతి సందేశమును తొలగింపుము' అని నియమము వ్రాసిరనుకొందురు గాక. పింఛనుదారులు ఏటేట నవంబరులో జీవిత ధ్రువపత్రము దాఖలు చేయవలయును. 80 ఏండ్లు నిండినవారు అక్టోబరు 1 నుండియే చేయవచ్చును. దానిని గుర్తుచేయు సందేశమును అదే బ్యాంకు పంపెను; నియమము దానిని కూడ తొలగించెను. ధ్రువపత్రము చేరక పింఛను నిలిచెను. యంత్రము ఆజ్ఞను తు.చ. తప్పక పాలించినది, ఆజ్ఞయే ఇరుకైనది.

దీనికి మందు తేలికయే. విషయపంక్తిలో 'లైఫ్ సర్టిఫికేట్' అను మాట ఉన్నచో నక్షత్రపు గుర్తు పెట్టి, తదుపరి నియమములను ఆపుమను ఆజ్ఞను అన్నింటికంటె పైన ఉంచవలయును. ఏలనగా నియమములు పైనుండి క్రిందికి వరుసగా నడచును. షరతులు 'అన్నియు' కుదురవలయునా, 'ఏదేని ఒకటి' చాలునా అనునది కూడ సరిచూచుకొనవలయును. ఈ ఒక్క మాట తారుమారైనచో జల్లెడ కన్నములే మారిపోవును. క్రొత్త నియమమును మొదట గుర్తు పెట్టుటకే వాడి, కొన్నాళ్లు పరికించి, పిమ్మట వేరొక అరకు తరలింప నియోగించుట మేలు. తొలగింపు అన్నిటికంటె కడపటిది. వారమున కొకమారు ఆ అరను తెరచి చూచుట, నూకను మరల దంచుట వంటిది.

కార్యాలయములో ఏ కాగితమును వెంటనే చింపివేయరు. రికార్డు గదికి పంపి, గడువు తీరిన పిదపనే నాశనము చేయుదురు. ఆ క్రమశిక్షణ ఎరిగిన ఉద్యోగులకు ఈ విద్య కొత్తది కాదు. సభ్యులు ఇండ్లలోని పెద్దల కంప్యూటరులలో గల నియమములను వారితో కూర్చుండి ఒక్కమారు సరిచూచినచో, వచ్చు నవంబరునాటికి ఏ పింఛనును ఒక జల్లెడ మూలమున నిలువదు.

స్వస్తి.